కొండ ఊట నీళ్ళు

"ఇవి కొండ ఊట నీళ్ళేనా తాతగారూ?" అని అడిగింది ఇల్లిల్లూ తిరిగి ఫిల్టర్లమ్మే చే అనే అమ్మాయి.

"రోజూ పొద్దున్నే కొండెక్కి నేనే మోసుకొస్తాను. మాకు మిషనెందుకు?" అన్నాను.

ఆమె గ్లాసెడు నీళ్ళలో ఏదో మందు రెండు చుక్కలు వేసింది. నీళ్ళు పచ్చబడ్డాయి.

"క్లోరిన్ ఉంది. ఇవి కుళాయి నీళ్ళు తాతగారూ."

నా చెవులు వేడెక్కాయి. కొండెక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోక మూడేళ్ళయింది. కింద పార్కులో, మరుగుదొడ్డి పక్కనున్న కుళాయి దగ్గర డబ్బాలు నింపి, పదకొండింటి దాకా అక్కడి ముసలాళ్ళతో జాంగీ చదరంగం ఆడి వస్తున్నాను. మిషనొస్తే ఆ ఆట పోయినట్టే.

బార్లీ నీళ్ళు కాస్తున్న మా ఆవిడ ఓక్‌బున్ వెనక్కి తిరగనైనా తిరగలేదు.

"నాకెప్పుడో తెలుసమ్మా. కొండ దిగొచ్చిన మనిషి బూట్లకి మట్టి అంటదా?"

"మరింకేం అమ్మమ్మగారూ, మిషన్ పెట్టించుకోండి! ఈయనకి మోత తప్పుతుంది."

"మోత తప్పితే పొద్దంతా ఇంట్లోనే ఉంటాడు. దానికేమైనా ఫిల్టరుందా నీ దగ్గర?"

చే నవ్వాపుకుంటూ పెట్టె సర్దుకుంది.

మర్నాడు పొద్దున గుమ్మంలో రెండు ఖాళీ డబ్బాల పక్కన, కింబాప్ అన్నం చుట్టలు సర్దిన మధ్యాహ్నం క్యారియర్ కూడా ఉంది.