లోసేలి బలం మందు

మా దీవిలోని నెయాఫు ఆసుపత్రిలో నేను నర్సుని. మా వార్డులో ఉన్న లోసేలికి కడుపులో క్యాన్సర్. తిండి సయించదు కనుక బలానికి రోజూ పాలలాంటి మందు సీసా ఇచ్చేదాన్ని. సీసాలు ఖాళీ అవుతున్నాయి, మనిషి మాత్రం చిక్కిపోతోంది.

ఆ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆమె భర్త సెమిసి ఆ సీసా ఎత్తి తాగుతున్నాడు.

“సిగ్గు లేదూ తాతా? పెళ్లాం నోటికాడిది తాగేస్తావా?” అన్నాను కోపంగా.

అతను సగం తాగిన సీసాతో వరండాలోకి వెళ్లిపోయాడు.

లోసేలి నా చెయ్యి పట్టుకుంది.

“ఆయన్ని తిట్టకు తల్లీ. నాకు గుక్క దిగట్లేదు. నేను మంచం పట్టిన దగ్గర్నుంచి ఆయన కూడా తిండి మానేశాడు. పిల్లలు పెండలం ఉడకబెట్టి తెచ్చినా ముట్టడు. ఈ సీసా మిగిలితే నా ముక్కులో గొట్టం వేస్తారని భయపెట్టి తాగిస్తున్నాను. నేనెటూ పోతాను, ఆయన్నైనా ఉండనీ.”

నేను వరండాలోకి వెళ్లగానే సెమిసి లేచి నిలబడ్డాడు. “తప్పయిపోయిందమ్మా. ఇప్పుడు దానికి గొట్టం వేసేస్తారా?”

నేను అతని చేతిలో సీసా వైపు చూశాను.

“సీసాలో ఇంకా మిగిలింది కదా తాతా,” అన్నాను. “అది ఖాళీ చేస్తే వెయ్యను.”

అతను కళ్లు తుడుచుకుని గడగడా తాగేశాడు.