రక్తనాళం పిలుపు

ప్రయోగశాలలో అక్క ఒక్కతే మిగిలింది. ఆమె ముందున్న గాజు పళ్ళెంలో తమ్ముడి రక్తనాళపు గోడ కణాలున్నాయి. ఆ గోడ సంకేతం పంపితేనే రోగాలతో పోరాడే రక్షక కణాలు దగ్గరికి చేరి ఎదుగుతాయి. తమ్ముడికి పుట్టుకతోనే ఆ సంకేతం లేదు. అందుకే వాడి బతుకంతా ఆస్పత్రిలో, గాలిని వడగట్టే అద్దాల గదిలోనే. ఆమెకు వాడు తప్ప ఎవరూ లేరు.

పళ్ళెంలో కొన్ని రక్షక కణాలు, కొత్త మందు వేసి సూక్ష్మదర్శినిలోకి చూసింది. రక్షక కణాలు కదిలాయి. కానీ గోడ వైపు కాదు, ప్రయోగశాల తలుపు వైపు. పళ్ళెం తిప్పి పెట్టింది. అవి మెల్లగా మళ్ళీ తలుపు వైపే జరిగాయి.

ఉండబట్టలేక తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఇంకా పడుకోలేదేంరా?”

“పడుకోనిస్తేగా! ఇందాకట్నుంచీ ఒకటే పిలుపు. వస్తున్నా తల్లీ, కాస్త ఆగు.”

“నేనెప్పుడు పిలిచానురా? ఆ గది దాటితే చచ్చిపోతావు!”

“నీ ప్రయోగశాల మెట్లు కూడా ఎక్కేశా. తలుపు తియ్యక్కా.”

తలుపు మీద ఎవరో తట్టారు. ఆమె పరుగున వెళ్ళి గడియ పట్టుకుంది.

“చలేస్తోందక్కా,” అంది బయటి నుంచి తమ్ముడి గొంతు.

ఫోన్ ఇంకా ఆమె చెవి దగ్గరే ఉంది. అందులో అద్దాల గది యంత్రం మోత, దాని వెనక నిద్రలో ఉన్న తమ్ముడి గురక వినిపిస్తున్నాయి.