వకుళ పన్ను

లంబసింగిలో మంచు పడడం మానేసి చాలా ఏళ్లయింది. అయినా నేను తీసిన ఫొటోల్లో మంచు కురుస్తూనే ఉండేది. ఈ రోజుల్లో ఏ కెమెరా అయినా అంతే. ఉన్నదాన్ని తీయదు, ఉండాల్సినదాన్ని తీస్తుంది. సెలవులు వస్తే చాలు, బండి వెనక మా ఆవిడ వకుళను ఎక్కించుకుని అరకు, గండికోట, పాపికొండలు అంటూ తిరిగేవాణ్ణి.

"ఇంత దూరం రావడమెందుకండీ? ఇంట్లో కూచుని నొక్కినా ఇదే వస్తుందిగా" అని నవ్వేది. ఆ నవ్వునూ తీసేవాణ్ణి.

ఇప్పుడు వకుళ లేదు. పెద్దకర్మకు దండ వేసే ఫొటో కావాలని వకుళ చెల్లెలు హైమ వచ్చింది. గండికోట ఫొటో చూపించాను. హైమ చాలాసేపు చూసింది.

"బాగుంది బావా. కానీ ఇది అక్కలా లేదు. అక్కకి పన్ను మీద పన్ను ఉండాలిగా?"

వేలాది ఫొటోలు తిరగేశాం. ఒక్కదాంట్లోనూ ఆ పన్ను లేదు. సరిచేయని ఫొటో ఒక్కటైనా ఇమ్మని కెమెరానే అడిగాను.

"అలాంటిది నేను దాచలేదండీ" అంది మర్యాదగా. "కావాలంటే ఆ పన్ను ఇప్పుడు పెడతాను. కుడివైపా, ఎడమవైపా?"

"చిన్నప్పుడు చూసిందే, ఏ వైపో నాకు సరిగ్గా గుర్తు లేదు. రోజూ చూసినవారు, మీరు చెప్పండి బావా" అంది హైమ.

కళ్లు మూసుకున్నాను. వకుళ నవ్వుతూ కనిపించింది.

పళ్లన్నీ వరసగా ఉన్నాయి.