ట్యాంకు మీద ఎర్ర మచ్చ

"పన్నెండు లోపల రసం తోడించి పారబోయండి. ఆ తరవాత కట్టర్ పెట్టి ట్యాంకు కోసెయ్యండి" అన్నాడు మేనేజరు.

వెల్డరుకి నోట మాట రాలేదు. మామూలు రోజుల్లో కూడా ఆయన నోట పెద్దగా మాట రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అది ఆయన చేతి ట్యాంకు. పండ్ల రసం నిల్వ ఉంచే ఎనిమిది వేల లీటర్ల స్టీలు ట్యాంకు. పదిహేడేళ్ళ కిందట రేకులు వంచి, అతికి, ఆ అతుకు ఎక్కడుందో తనే వెతుక్కోవలసినంత నున్నగా రుద్దాడు. ఇప్పటికీ వారానికోసారి మెత్తటి గుడ్డ పెట్టి తుడుస్తాడు. షిఫ్టు దిగిన వాళ్ళు దాని ముందు నిలబడి తల దువ్వుకుని మరీ ఇంటికి పోతారు.

అలాంటి ట్యాంకుకి గండం కొత్త కెమెరా రూపంలో వచ్చింది.

మామూలు కెమెరా కాదు. పిస్తోలులా గురిపెడితే చాలు, ఏది ఎంత వేడిగా ఉందో తెర మీద రంగుల్లో చూపిస్తుంది. చల్లటిది నీలం, వేడిది ఎరుపు. అరిగిన బేరింగు, వదులైన కరెంటు తీగ, అన్నిటినీ ముట్టుకోకుండానే పట్టేస్తుంది. రెండు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చి, దాన్ని చంటిపిల్లలా చంకనేసుకు తిరుగుతున్నవాడు వేరెవరో కాదు, వెల్డరు అల్లుడే.

నిన్నంతా మోటార్లు చూశాడు. ఈ పొద్దున ట్యాంకు గదిలోకి వచ్చాడు. రసం పాడవకుండా ఎప్పుడూ చల్లగా ఉంచే గది అది. స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని, మఫ్లరు బిగించి, ట్యాంకుకి ఎదురుగా నిలబడి కెమెరా ఎత్తాడు.

ట్యాంకంతా నీలం. సరిగ్గా నడిమి అతుకు మీద, మనిషెత్తున, ఒక ఎర్ర మచ్చ.

"చుట్టూ పది డిగ్రీలు, మచ్చ దగ్గర ముప్పై అయిదు" అన్నాడు అల్లుడు. "లోపల అతుకు విడిపోయినట్టుంది మామయ్యగారూ. రసం పులిసి వేడెక్కుతోంది."

వెల్డరు పక్కనుంచి చెయ్యి చాపి అక్కడ అరచెయ్యి ఆనించాడు. మంచుగడ్డలా ఉంది.

"చల్లగానే ఉందండీ."

"చేతికేం తెలుస్తుంది మామయ్యగారూ. ఇది లక్షలు పోసి కొన్న కెమెరా."

ముప్పై ఏళ్ళుగా ఇనుముతో మాట్లాడిన చెయ్యి అది. వెల్డరు దాన్ని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

సీసాలకి మూతలు బిగించే ఆవిడ ఊరుకోలేదు. "పిల్లనిచ్చింది చాలక ట్యాంకు కూడా అల్లుడి చేతిలో పెట్టేశావా అన్నా?"

"నీ మూతలు నువ్వు చూసుకో" అన్నాడు వెల్డరు. ఆయన లెక్కలో అది ఉపన్యాసం.

కబురందుకుని మేనేజరు వచ్చాడు. మనిషి పొట్టి. మొహం మాత్రం పళ్ళెమంత. కెమెరా లాక్కుని తనే గురిపెట్టాడు.

"మచ్చ కిందికి దిగిందయ్యా. వెడల్పు కూడా అయింది."

"ఎంత చూపిస్తోంది సార్?"

"ముప్పై రెండు."

అల్లుడు మళ్ళీ కెమెరా అందుకున్నాడు. మచ్చ చప్పున పైకెక్కి సన్నబడింది. ముప్పై అయిదు.

"పైకీ పాకుతోంది, కిందికీ పాకుతోంది" అని మేనేజరు తేల్చేశాడు. "ఇది ఇవాళో రేపో పేలుతుంది."

అలా పుట్టింది ఆ పన్నెండు గంటల హుకుం.

పదకొండున్నరకి, రసం తోడే పంపు కంటే ముందే, కట్టర్ బండి దొర్లుకుంటూ వచ్చింది. మేనేజరు కట్టర్ తీసి వెల్డరు చేతిలోనే పెట్టాడు. "కట్టినవాడివి నువ్వు. నువ్వు కోస్తేనే సాఫీగా తెగుతుంది."

మూతల ఆవిడ పని ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది.

వెల్డరు కట్టర్ పట్టుకుని నిలబడ్డాడు. అతుకు వైపు చూశాడు. ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా గీత పడలేదు, ఉబ్బలేదు, చుక్క కారలేదు.

"కోసే ముందు ఆ మచ్చేదో నన్నోసారి చూడనివ్వండి" అన్నాడు.

అల్లుడు కెమెరా ఎత్తాడు. తెర చూసి చూసి కాబోలు, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వెల్డరు అతని భుజం మీదుగా తల పెట్టి తెరలోకి తొంగి చూశాడు.

ఎర్ర మచ్చ పక్కనే ఇంకో మచ్చ పుట్టింది.

"చూశావా, రెండోది" అన్నాడు మేనేజరు, నాలుగడుగులు వెనక్కి వేస్తూ.

వెల్డరు తల తీశాడు. రెండో మచ్చ పోయింది. తల పెట్టాడు. వచ్చింది. తీశాడు. పోయింది.

కాసేపు గడ్డం గోక్కుని, ఆ చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"అల్లుడుగారూ, కెమెరా అలాగే పట్టుకుని ఒక్కసారి కూర్చోండి."

"ఎందుకు మామయ్యగారూ?"

"కూర్చోండి చెబుతాను."

అల్లుడు గొంతుక్కూర్చున్నాడు. తెర మీద మచ్చ కూడా కిందికి దిగింది.

"లేవండి."

మచ్చ లేచింది.

"మీరు పట్టుకున్నప్పుడు ముప్పై రెండే చూపించింది కదా సార్" అని వెల్డరు మేనేజరుని అడిగాడు. ఆయన తలూపాడు.

వెల్డరు కట్టర్ కింద పెట్టి, జేబులోంచి చెయ్యి తీసి అల్లుడి నుదుటి మీద ఆనించి, "ట్యాంకుకేం కాలేదు సార్, అందులో మీకు కనిపిస్తున్నది మా అల్లుడి మొహం, పాపం ఆయనకే నూట మూడు జ్వరం" అన్నాడు.