దయచేసి వినండి

గెలిచిన పార్టీకి ఓటేసిన ఊళ్లలోనే రైలు ఆగడం దేశమంతటా అలవాటైపోయింది. అందుకే గుర్లపాడు జనం ప్రతి ఎన్నికల ముందూ స్టేషన్లో కూడి, ఎవరు గెలిచేలా ఉన్నారో తేల్చుకుని, ఊరు ఊరంతా వాళ్లకే గుద్దేవారు. ఈసారి అంచనా తప్పింది. ప్రభుత్వం మారింది.

ఇక బండి ఆగదని తెలిసి కూడా స్వర్ణలత మొగుణ్ణి నడిపించుకుంటూ ప్లాట్‌ఫారం మీదకు వచ్చింది. సూరిబాబుకు డయాలసిస్ విశాఖలోనే చెయ్యాలి. ఆటోలో అంత దూరం కూర్చునే ఓపిక అతనికి లేదు.

"వాచిపోయిన ఈ కాళ్లు చూస్తే ఆపరేటి?" అంది.

"బండి తోలే మనిసుంటే గదే, సూడ్డానికి!" అన్నాడతను.

ఒకప్పుడు ఈ స్టేషన్లో మైకు ముందు కూర్చుని బండ్ల రాకపోకలు చెప్పింది స్వర్ణలతే. రైల్వే వాళ్లు ఆ గొంతును యంత్రానికి నేర్పుకుని, మనిషిని ఇంటికి పంపేశారు. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ గొంతు మాత్రం మారలేదు.

బండి కనబడగానే ఆమె చెయ్యి ఊపుతూ, "ఆపండి బాబూ!" అని కేక పెట్టింది. నెత్తి మీద స్పీకరు అందుకుంది.

"దయచేసి వినండి. గుర్లపాడు ప్రజల తీర్పును గౌరవిస్తూ, ఈ బండి వచ్చే ఎన్నికల వరకు ఇచ్చట ఆగదు. ప్రయాణికులు దూరముగా నిలబడవలెను. ధన్యవాదములు."

ఆమె గొంతే. ముప్పయ్యేళ్ల నాటి లేత గొంతు.

పెట్టెలన్నీ ఈదురుగాలి రేపుతూ వెళ్లిపోయాయి. సూరిబాబు పడిపోకుండా ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఎంత తియ్యగా సెప్పేవే," అన్నాడు.