తల నువ్వు పట్టుకో

మా గొర్లమంద కుక్క భైరికి మా ఆయనంటేనే పానం. నేను పెట్టిన బువ్వ మొకం కూడ సూడకపోయేది. నాకు ఒళ్లు మండేది.

లారీ గుద్ది దాని కాలిరిగింది. బొక్క తోలు చీల్చుకొని బయటికొచ్చింది. సూర్యాపేట పశువుల దవాఖానల డాక్టరు రాడ్డేసి కుట్లేసిండు. "రోజూ పుండు కడిగి కట్టు మార్చాలె. అతికేదాక ఉరకనియ్యొద్దు, ఉరికితే కాలు తీసెయ్యాల్సొస్తది" అన్నడు.

"కడుగుడు నేను జేస్త. నువ్వు తల పట్టుకొని నిమురు" అన్నడు మా ఆయన.

కట్టు ఇప్పినప్పుడల్ల భైరి ఆయన మీదికి కరవొచ్చేది, నా ఒడిల మూతి దాసుకునేది. రాను రాను ఆయన్ను సూస్తెనే గుర్రుమనుడు మొదలువెట్టింది. ఇగ ఇది నాదేనని మస్తు మురిసిన.

మందను తోలుకొని ఆయన కోదాడ దిక్కు మేతకు పోయే పొద్దు వచ్చింది. కాలింక అతకని భైరి నా కాళ్లకాడ నుంచి లేవలే.

"సూసినవా, నీ యెంట వస్తలేదు" అని ఎక్కిరించిన.

"రావొద్దనే గదా, కడుగుడు నేను పెట్టుకున్నది" అన్నడు.

ఎప్పుడూ ఈలేసి దాన్ని పిలిచే మనిషి, మలుపు దాటేదాక పెదవులు బిగబట్టుకొనే నడిసిండు.