సగంలో ఆగిన మాట

"తాతగారూ, కఫం తీస్తున్నాను. కాస్త ఓర్చుకోండి" అని చెప్పి మరీ నర్సు ఆయన గొంతులోని వెంటిలేటర్ గొట్టంలోకి సన్నటి పైపు దించింది.

"ఉలుకూ పలుకూ లేని మనిషితో ఏం మాటలు అమ్మాయ్?" అంది మంచం పక్కనున్న ఆయన భార్య.

"చెవులు నిద్రపోవు మామ్మగారూ. మీరూ ఏదైనా చెప్పండి."

ఆవిడ మొహమాటంగా కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఏమండీ, వంటింటి కుళాయి బాగుచేయించాను. ఆ అబ్బాయి ఏమన్నాడంటే..."

అక్కడే ఆగి, ఆయన మొహంలోకి చూసింది. గదిలో వెంటిలేటర్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"ఆగారేం?" అంది నర్సు.

"పెళ్లయిన నాటినుంచీ నా మాట సరిగ్గా ఇక్కడికి రాగానే ఈయన 'ఇక చాల్లే' అనేవారమ్మా. ఆపై మాట నా నోటికి అలవాటు లేదు."